మామయ్యగారి నంబరు, బావగారి కేబులు, మావారి ప్యాకేజీ: ఎవరి మాట వినాలి?

తణుకు దగ్గరి ఒక పల్లెటూరి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమె ఇంటి దగ్గరే ఉండి ఒక కంపెనీకి మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డుల్లోని జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) చేస్తారు. భర్తకు హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వచ్చి వెళ్తారు. ఇంట్లో అత్తగారు, డెబ్బై దాటిన మామయ్యగారు, ఏడో తరగతి చదివే పాప. మామయ్యగారి నంబరు 2009 నాటిది. బ్యాంకు, పింఛను, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, గ్యాసు బుకింగ్ అన్నీ దాని మీదే ఉన్నాయి. నంబరు అదే ఉన్నా మధ్యలో కంపెనీ పేరు మారింది. శ్లాబు ఇల్లు కట్టుకున్నాక లోపల సిగ్నల్ అందడం లేదు. ఆయనది బటన్ల ఫోను. ఎవరైనా చేస్తే మోగదు, మోగినా మాట తెగిపోతుంది, అరుగు మీదికి వెళ్లి మాట్లాడాల్సి వస్తోంది. కంపెనీ మారుద్దామంటే ససేమిరా అంటున్నారు. అంతకుముందు ఆయన దగ్గర ఇంకో నంబరు ఉండేదట. ఆ కంపెనీ మూతపడినప్పుడు నంబరూ పోయింది, రీఛార్జి చేయించుకున్న డబ్బూ పోయింది. "మళ్లీ నన్ను ఆ గోతిలోకి దించకండి" అంటారట.

ఇంట్లో ఇంటర్నెట్ ఊళ్లో కేబుల్ నడిపే బావగారిది. భర్తకు పెదనాన్న కొడుకు. బిల్లు మీద కంపెనీ పేరు ఇప్పటికి మూడుసార్లు మారింది, వైరు మాత్రం పాతదే. వాన పడితే నెట్ పోతుంది. వేరే కనెక్షన్ తీసుకుంటే సొంతవాణ్ణి కాదన్నారని మాట వస్తుందని అత్తగారి భయం. భర్తేమో నాలుగు సిమ్‌లు, ఫైబర్, టీవీ అన్నీ ఒకే కంపెనీలో పెట్టేద్దాం, ఏడాదికి ఒకేసారి కట్టేస్తే చవక అని పట్టుబడుతున్నారు. ఉత్తరం మధ్యలో ఒక వాక్యం: మామయ్యగారి సిమ్ మరిది పేరు మీద ఉంది, ఆయన మస్కట్‌లో ఉంటారు. చివర ఇంకో మాట: "పనిలో ఉండగా లాగిన్ తెగిపోతోందని మా టీమ్ లీడర్ మెయిల్ పెట్టారు. ఏం చేసినా ఎవరో ఒకరికి కోపం వస్తుంది. ఎవరి మాట వినాలో చెప్పండి."

అమ్మా, మీ ఉత్తరంలో మామయ్యగారి భయం గురించి వివరంగా ఉంది, బావగారితో వచ్చే ఇబ్బంది గురించి వివరంగా ఉంది, మీవారి ప్యాకేజీ ధర కూడా ఉంది. మీ ఉద్యోగం గురించి ఉన్నది చివరి రెండు లైన్లే. ఇంట్లో అందరి అవసరాలూ రాసి మీ అవసరాన్ని అడుగున పెట్టారు. కానీ ఆలస్యమైతే నిజంగా నష్టం జరిగేది అక్కడే. మామయ్యగారి సిగ్నల్ ఇంకో రెండు నెలలు ఇలాగే ఉన్నా ఆయన అరుగు మీదికి వెళ్లి మాట్లాడతారు. మీవారి ప్యాకేజీ వచ్చే నెల తీసుకున్నా మునిగిపోయేదేమీ లేదు. మీ లాగిన్ మాత్రం ఈ వారం నుంచే నిలబడాలి.

ఇంకో సంగతి. ముగ్గురూ కంపెనీ మార్చడం గురించే మాట్లాడుతున్నట్టు కనిపిస్తున్నా, మామయ్యగారిది నంబరు సమస్య, బావగారితో ఉన్నది వైరు సమస్య, మీవారిది బిల్లు సమస్య. వీటిని ఒకే రోజు ఒకే నిర్ణయంతో తేల్చాలని చూస్తున్నారు కాబట్టే మీకు ఇంత టెన్షన్. విడదీసి చూద్దాం.

ముందు మీ నెట్. ఫైబర్ అంటే సన్నటి గాజు తీగ, అందులో వెళ్లేది వెలుగు. వాన చినుకు పడినంత మాత్రాన అది ఆగదు. స్తంభం మీది జాయింటు డబ్బాలో నీళ్లు దిగడం, గాలికి కొమ్మ విరిగి వైరును లాగడం, అన్నిటికన్నా ఎక్కువగా కరెంటు పోవడం వల్ల ఆగుతుంది. ఈ సాయంత్రం మోడెం వెనక చూడండి. బయటి నుంచి వచ్చే వైరు సన్నగా ఉండి, చివర ఆకుపచ్చదో నీలందో చిన్న ప్లాస్టిక్ పిన్ను ఉంటే ఫైబర్ మీ ఇంట్లోకే వచ్చినట్టు. అలా కాకుండా కంప్యూటర్‌కు పెట్టే లాన్ కేబుల్ లాంటిదే వీధిలోంచి దిగి వస్తోందంటే, ఫైబర్ వీధి చివరి డబ్బా దగ్గరే ఆగిపోయింది. ఆ డబ్బాలో ఒక స్విచ్ ఉంటుంది, అది కరెంటు మీద నడుస్తుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, ఆ డబ్బా ఉన్న చోట కరెంటు పోతే మీ నెట్ పోతుంది. పాత కేబుల్ నెట్‌వర్కుల్లో ఈ పద్ధతి చాలాచోట్ల ఉండేది. ఫైబర్ నేరుగా ఇంటికి వచ్చే పద్ధతిలో మధ్యలో ఉండే స్ప్లిటర్‌కు, అంటే ఒక తీగలోని వెలుగును చాలా ఇళ్లకు పంచే చిన్న పరికరానికి, కరెంటుతో పని లేదు. మీ వైరు పాతదే అన్నారు కాబట్టి నా అనుమానం దీని మీదే.

వైరు ఫైబరే అయితే, నెట్ పోయిన క్షణంలో మోడెం లైట్లు చూడండి. ఎల్ఓఎస్ (LOS) అని రాసి ఉన్న చోట ఎర్రలైటు వెలిగితే వెలుగు మీ దాకా రావడం లేదు, అంటే తప్పు మీ ఊరి వైర్లలోనో జాయింట్లలోనో ఉంది. ఎర్రలైటు లేకుండా, పీఓఎన్ (PON) లైటు నిలకడగా వెలుగుతూ నెట్ మాత్రం రాకపోతే చాలాసార్లు సమస్య పైన, బావగారికి లైను ఇచ్చే కంపెనీ వైపు ఉంటుంది. ఆ లైట్లను టైము కనపడేలా ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. బావగారి మనిషి వచ్చినప్పుడు వెలుగు ఎంత బలంగా వస్తోందో కొలిచే పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చూపించమనండి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉన్నట్టు. మైనస్ 27 దగ్గరికి జారిందంటే అంచు మీద ఉన్నట్టు, చిన్న కుదుపుకే తెగుతుంది. జాయింటు మళ్లీ వేస్తే చాలాసార్లు అక్కడికక్కడే బాగుపడుతుంది. ఇంకొక పరీక్ష కూడా అవసరం. వైఫై కాకుండా లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో మోడెంకు కలిపి రెండు రోజులు పనిచేసి చూడండి. శ్లాబు, గోడలు అడ్డం వచ్చి వైఫై తెగుతున్న ఇంట్లో ఏ కంపెనీకి మారినా అదే బాధ ఉంటుంది.

ఇది తేలకుండా కంపెనీ మార్చవద్దని ఎందుకు అంటున్నానంటే, బిల్లు మీద పేరు మారినా స్తంభం ఎక్కే మనిషి మారకపోవచ్చు. పల్లెల్లో ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు ఇచ్చేది స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల స్థానిక భాగస్వాముల చేతే నడుస్తుంది. మీ బావగారి బిల్లు మీద మూడు పేర్లు మారినా వైరు అదే ఉండడానికి కారణం ఇదే. పైన ఉన్న ఇంటర్నెట్ కంపెనీ మారింది, కింద ఉన్న తీగా మనిషీ మారలేదు. మీరు కోపం తెచ్చుకుని వేరే పేరున్న కనెక్షన్ బుక్ చేస్తే, దాన్ని బిగించడానికి తలుపు కొట్టేది బావగారే కావచ్చు. కాబట్టి ఎవరినైనా అడగాల్సిన మొదటి ప్రశ్న స్పీడు గురించి కాదు. "మా వీధిలో లైను ఎవరిది, రాత్రి ఎనిమిదింటికి పాడైతే ఎవరు వస్తారు" అని అడగండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, బావగారికే ఒక అవకాశం ఇవ్వడం. మీ ఉత్తరం చదివితే ఆయనతో ఇప్పటిదాకా ఎవరూ సూటిగా మాట్లాడినట్టు లేదు. నెట్ పోయినప్పుడు ఫోన్ చేయడం, ఆయన "వస్తున్నా" అనడం, అంతే. ఫొటోలు చూపించి ఇలా చెప్పండి: "బావగారూ, నా ఉద్యోగం దీని మీదే నడుస్తోంది. ఫైబర్ నేరుగా ఇంట్లోకి లాగించండి, ఖర్చు ఎంతో చెప్పండి, ఇస్తాం. నెల రోజులు చూస్తాను. అప్పటికీ పని తెగుతుంటే ఆఫీసు కోసం ఇంకో లైను పెట్టుకోక తప్పదు, అప్పుడు మీరు వేరేగా అనుకోవద్దు." ఇలా ముందే చెబితే తర్వాత మీరు ఏం చేసినా అది వెనకాల చేసిన పని అవ్వదు. ఈ దారిలో బంధుత్వం నిలుస్తుంది, ఖర్చు తక్కువ. కష్టమేమిటంటే ఆ నెల రోజులు మీరు ఇంకో ఏర్పాటు మీద ఆధారపడాలి. ఆయన దగ్గర సామాను లేక, మనుషులు లేక చేయలేకపోవచ్చు కూడా.

రెండోది, బావగారి లైను తక్కువ ప్లాన్‌లోకి మార్చి పాప చదువుకు, టీవీకి ఉంచి, మీ పనికి బావగారి తీగల మీద ఆధారపడని వేరే లైను తీసుకోవడం. నెలకు రెండు బిల్లులు అవుతాయి. మీ జీతంతో పోల్చి చూసుకోండి. ఒక్క నెల జీతంలో కోత పడితే ఎన్ని నెలల బిల్లు వస్తుందో లెక్క వేస్తే ఇది దుబారాగా అనిపించదు. మీ ఊళ్లో వేరే ఫైబర్ లేకపోతే జియో, ఎయిర్‌టెల్ ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇచ్చేది ఉంది. డాబా మీద డబ్బా పెట్టి 5జీ టవర్ నుంచి నెట్ తీసుకుంటారు. స్తంభాలతో, బావగారితో సంబంధం ఉండదు. కానీ అన్ని ఊళ్లకూ రాదు, టవర్ మీద జనం పెరిగే సాయంత్రాల్లో స్పీడు తగ్గవచ్చు. బిగించే ముందు మీ డాబా మీదే సిగ్నల్ చూపించమని పట్టుబట్టండి.

ఈ రెండిటిలో ఏది ఎంచుకున్నా, ఈ వారమే చేయగలిగినవి ఉన్నాయి. మోడెంకు పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, పదిహేను వందల ప్రాంతంలో ఉంటుంది. మీ ఫోనులో రెండో స్లాట్‌లో వేరే కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ వేసి ఉంచండి. మీ పనికి పెద్ద స్పీడు అక్కర్లేదు, తెగకుండా ఉండడమే కావాలి. నెట్ పోయిన అరగంట హాట్‌స్పాట్ మీద గడిచిపోతుంది. అయితే రోగుల వివరాలతో పని కాబట్టి కొన్ని కంపెనీలు మొబైల్ హాట్‌స్పాట్ ఒప్పుకోవు, ముందే అడగండి. ఆ మాట టీమ్ లీడర్ మెయిల్‌కు జవాబులోనే అడగండి. లైను మార్పిస్తున్నాను, ఫలానా తేదీకి అవుతుంది, ఈలోగా పోతే హాట్‌స్పాట్ వాడవచ్చా అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు. జవాబు లేని మెయిలే మీకు ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఇక మామయ్యగారు. ఆయనది మొండితనం అని ఎక్కడా అనకండి. ఆయనకు నిజంగానే నష్టం జరిగింది. కాకపోతే కంపెనీ పేరు మారడం, కంపెనీ మూతపడడం వేర్వేరు. అది ఆయనకు తేలిక మాటల్లో చెప్పాలి. మన ఆంధ్ర ప్రాంతంలో 1990ల్లో టాటా సెల్యులార్ నంబరు తీసుకున్నవాళ్లకు తర్వాత అది ఐడియా అయింది, 2018 ఆగస్టులో ఐడియా, వొడాఫోన్ కలిసిపోయాయి, 2020 సెప్టెంబరులో వీఐ అని పేరు మార్చుకున్నాయి. హచ్ తీసుకున్నవాళ్లకు 2007లో వొడాఫోన్ అయింది, వాళ్లూ చివరికి వీఐలోనే తేలారు. యూనినార్ టెలినార్‌గా మారి 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసింది. సెకనుకు పైసా అని 2009లో వచ్చిన టాటా డొకోమో కూడా 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసింది. ఇన్ని పేర్లు మారినా వీళ్ల నంబర్లు అలాగే ఉన్నాయి, ఎవరూ ఎక్కడా క్యూ కట్టలేదు. మామయ్యగారి ఇప్పటి నంబరు కూడా ఇలా చేతులు మారినదే, ఆ సంగతి ఆయనకే గుర్తు చేయండి.

మూతపడడం వేరు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర వాయిస్ కాల్స్ ఆపేసింది. ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అప్పుడు గడువులోగా పోర్ట్ అయినవాళ్ల, అంటే నంబరు అలాగే ఉంచుకుని వేరే కంపెనీకి మారినవాళ్ల నంబర్లు నిలిచాయి, సిగ్నల్ మళ్లీ వస్తుందేమోనని ఎదురుచూసినవాళ్లవి పోయాయి. నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు దేశమంతటా 2011 జనవరి 20 నుంచి ఉంది. మామయ్యగారి పాత నంబరు పోయినప్పుడు ఆ సౌకర్యం లేకపోయి ఉండాలి, లేదా ఉన్నా ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఏదైనా తప్పు ఆయనది కాదు. ఈ మాట మీ నోటి నుంచి వింటే ఆయన సగం మెత్తబడతారు.

అయితే అమ్మా, ఆయన నంబరుకు ఉన్న అసలు ప్రమాదం సిగ్నల్ కాదు. మీరు మాటల మధ్య రాసిన ఆ వాక్యం: సిమ్ మరిదిగారి పేరు మీద ఉంది. కంపెనీ లెక్కలో ఆ నంబరు యజమాని మస్కట్‌లో ఉన్న మీ మరిది. రేపు ఫోను ఎక్కడో పడిపోతే డూప్లికేట్ సిమ్ మామయ్యగారికి ఇవ్వరు. పోర్ట్ చేయాలన్నా కొత్త కంపెనీవాళ్లు గుర్తింపు తనిఖీ చేసేది యజమానినే. పింఛను, బ్యాంకు, ఆధార్ అన్నీ ఇంకొకరి పేరున్న సిమ్ మీద వేలాడుతున్నాయి. కాబట్టి కంపెనీ మార్పు కన్నా ముందు పేరు మార్పు జరగాలి. మరిదిగారు సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరూ ఆధార్ పట్టుకుని తణుకులోనో భీమవరంలోనో ఆ కంపెనీ సొంత స్టోరుకు వెళ్లి యజమాని పేరు మార్పించండి. ఊళ్లో రీఛార్జి కొట్టుకు వద్దు. పేరు మార్పు నడుస్తుండగా పోర్ట్ అడిగితే తిరస్కరిస్తారు, కాబట్టి అది పూర్తయిందని మెసేజ్ వచ్చాకే రెండో అడుగు వేయండి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఎవరి పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోవచ్చు. ఇంట్లో అందరివీ ఒకసారి చూడండి, అత్తగారి సిమ్ ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు.

మరిదిగారు వచ్చేదాకా సిగ్నల్ సంగతి? మామయ్యగారి పేరు మీదే, మీ ఇంట్లో సిగ్నల్ అందే కంపెనీ సిమ్ ఒకటి కొత్తగా తీసుకుని ఆయన ఫోను రెండో స్లాట్‌లో వేయండి. చుట్టాలు, స్నేహితులు దానికి చేస్తారు, బ్యాంకు ఓటీపీలు పాతదానికి వస్తాయి. ఏది అందుతుందో తేల్చుకోవడానికి ఎవరి ప్రకటనలూ చూడక్కర్లేదు. ఇరుగుపొరుగువాళ్ల ఫోన్లు తెప్పించి ఆయన కూర్చునే గదిలో, వంటింట్లో, తలుపు వేసి మాట్లాడి చూడండి. ఊళ్లో టవర్ ఒకటే అయినా దాని మీద రెండు మూడు కంపెనీలు ఉండవచ్చు. గోడల్ని దాటి లోపలికి వచ్చే శక్తి ఏ కంపెనీ ఏ ఫ్రీక్వెన్సీ వాడుతోందన్న దాన్ని బట్టి మారుతుంది. అందుకే అరుగు మీద నాలుగు గీతలు చూపించే నెట్‌వర్కు పెరటి గదిలో సున్నా కావచ్చు. బీఎస్ఎన్ఎల్ 4జీ 2025 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది, దాన్నీ పరీక్షలో పెట్టండి.

ఇక్కడే మీవారి ప్యాకేజీకి ఒక చిక్కు ఉంది. ఏ కంపెనీయో మీరు రాయలేదు. అది జియో అయితే, వాళ్లకు మొదటి నుంచీ 2జీ లేదు, ఉన్నది 4జీ, 5జీలే. మామయ్యగారి పాత బటన్ల ఫోను 2జీది అయితే అందులో ఆ సిమ్ అసలు పనిచేయదు. 4జీ ఉన్న బటన్ల ఫోను కొనాలి, దానికి ఆయన అలవాటు పడాలి. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ అయితే 2జీ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇంకో దారి, ఆయనకు చిన్న స్మార్ట్‌ఫోను ఇచ్చి వైఫై కాలింగ్ పెట్టడం. ఇంట్లో వైఫై ఉన్నంతసేపూ టవర్ అందకపోయినా మామూలు నంబరుకే కాల్స్ వస్తాయి, కంపెనీ మారనే అక్కర్లేదు. కానీ మీ నెట్ పోయినప్పుడల్లా ఆయన ఫోనూ పోతుంది, పైగా టచ్ ఫోను నేర్చుకోవడం ఆయనకు ఇష్టమో కాదో అడగాలి. కొత్త సిమ్‌కు పెద్ద డేటా ప్యాకు దండగ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం వల్ల 2025 జనవరి నుంచి కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి, ఏడాది గడువువి కూడా ఉన్నాయి. స్టోరులో వాటిని వాళ్లంతట వాళ్లు చూపించరు, మీరే అడగాలి.

పేరు మార్పు అయ్యాక పోర్ట్ చేయాలనుకుంటే పద్ధతి తేలికే. ఇంగ్లిషు పెద్దక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి పది అంకెల నంబరు రాసి 1900కు పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. నాలుగు రోజులు చెల్లుతుంది. దాన్ని కొత్త కంపెనీవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పకూడదు, ఫోను చేసి అడిగేవాళ్లకు అసలు చెప్పకూడదు. ఆంధ్ర, తెలంగాణ టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకే సర్కిల్ (ఒకే సేవా ప్రాంతం), అందువల్ల మూడు పనిదినాల్లో మారాలి. మిగిలిన బ్యాలెన్సు, గడువు కొత్త కంపెనీకి రావు, కాబట్టి రీఛార్జి అయిపోయే రోజుల్లో చేయించండి. సిమ్ మారిన మొదటి రోజు బ్యాంకు మెసేజ్‌లు రాకపోవచ్చు. పింఛను పడే రోజులు, గ్యాసు బుక్ చేసే రోజు తప్పించండి. కొత్త చోట నచ్చకపోతే మళ్లీ మారడానికి తొంభై రోజులు ఆగాలి.

బ్రాడ్‌బ్యాండ్‌కు ఇలాంటి పోర్టబిలిటీ లేదని గుర్తుంచుకోండి. పాత లైను రద్దు చేస్తే అడ్వాన్సు, మోడెం లెక్క తేల్చుకోవాల్సింది మీరే. బావగారి మోడెం తిరిగి ఇచ్చినా, బంధువే కదా అనుకోకుండా ఒక వాట్సాప్ మెసేజ్‌లో "మోడెం ముట్టింది" అని రాయించుకోండి. ఏ కంపెనీతోనైనా గొడవ వస్తే ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకోండి. కస్టమర్ కేర్ తేల్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు ఉంటుంది. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

చివరగా మీవారు. ఆయన ఆలోచనలో తప్పు లేదు. ఒకే బిల్లు సుఖం, కలిపి తీసుకుంటే ధర తగ్గడం కూడా నిజమే. దూరంగా ఉండి ఇంటి కోసం ఆయన చేయగలిగింది అదేనని అనుకుంటున్నారేమో. కానీ ఆ కంపెనీ నెట్‌వర్కు మొత్తం ఆగిన రోజు మీ నెట్, ఇంట్లో అందరి ఫోన్లు, టీవీ ఒకేసారి ఆగవచ్చు. మీ హాట్‌స్పాట్ కూడా అదే కంపెనీది అయితే ఆసరా ఉండదు. కనీసం మీ ఫోను రెండో సిమ్ వేరే కంపెనీది ఉండాలని చెప్పండి, నెలకు పెద్దగా ఖర్చు కాదు. మామయ్యగారి నంబరు ఎలాగూ మరిదిగారు వచ్చేదాకా ఆ ప్యాకేజీలోకి రాదు, కాబట్టి నాలుగు సిమ్‌ల లెక్క ఇప్పుడు కుదరదు. ప్రకటనలో చెప్పిన ధర మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలుస్తుందో లేదో, అన్‌లిమిటెడ్ అన్నదానికి నెలకు ఎన్ని జీబీల హద్దు ఉందో, మధ్యలో మానేస్తే మిగతా నెలల డబ్బు వెనక్కి ఇస్తారో లేదో ఆయన్నే అడిగి కనుక్కోమనండి. ఈ పని ఆయన చేతికి ఇవ్వండి, అన్నీ మీరే మోయనక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కనెక్షన్ ఎవరి డబ్బుతో తీసుకున్నా, దానికి రిజిస్టర్ చేసే మొబైల్ నంబరు మీదే ఉండాలి. ఆయన నంబరు పెడితే నెట్ పోయి మీరు ఫిర్యాదు చేయబోయినప్పుడు ఓటీపీ హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్న ఆయనకు వెళ్తుంది. మెకానిక్ ఆయనకు ఫోను చేస్తాడు, ఆయన ఎత్తరు, ఫిర్యాదు మూసేస్తారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి.

ఏడాది డబ్బు ఒకేసారి కట్టవద్దు. తగ్గింపు పోయినా సరే, ముందు ఒక నెలకు కట్టమనండి. ఆ నెలలో కనీసం రెండు వానలు పడనివ్వండి. మీ లాప్‌టాప్ ఎలా పనిచేసిందో, నెట్ పోయినప్పుడు ఎన్ని గంటలకు మనిషి వచ్చాడో ఆయనకు చూపించి, మిగతా పదకొండు నెలల సంగతి అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.